లాగిన్ వెనక సాయం దాచకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మనసు బాగోలేనివాళ్లకు తోడుగా ఉందామని కోనసీమలోనూ, అటు భీమవరం, నరసాపురం వైపూ కాలేజీ పిల్లలు, పూర్వ విద్యార్థుల సంఘాలు, గ్రంథాలయాల దగ్గర పోగయ్యే కుర్రాళ్లు సొంతంగా చిన్న చిన్న వెబ్‌సైట్లు పెట్టుకుంటున్నారు. మంచిదే. కాని సైట్ తెరవగానే పేరు, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ అడిగే పెట్టె ఎదురైతే, రాత్రి ఒంటిగంటకు కునుకు పట్టక ఫోన్ చేతిలోకి తీసుకున్న కౌలు రైతు అక్కడే ఆగిపోతాడు. లాగిన్ ఎవరికి కావాలి, ఎవరికి అక్కర్లేదు, పెట్టాక ఎక్కడెక్కడ తేడా కొడుతుంది అన్నది ముందే తేల్చుకోవాలి.

మన వైపు అరుగు మీద కొత్త మనిషి కూర్చుంటే ముందు "ఎవరి తాలూకండీ?" అని అడగడం అలవాటు. సైట్ మొదటి పేజీ ఆ అలవాటు మానుకోవాలి. ఏ వివరమూ అడక్కుండా అక్కడ ముందు కనబడవలసింది మానసిక సాయం కోసం ఫోన్ చేసే టెలీ మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. అది కలవకపోతే 1800 891 4416. రెండూ ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తాయి, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వస్తే 108, 112. పిల్లలకైతే 1098. ఆ కింద, దగ్గర్లో మానసిక వైద్యులు చూసే ఆసుపత్రి, ఓపీ రోజులు, వేళలు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్)లో ఈ విభాగం ఉంది. నంబర్లను పోస్టరు బొమ్మలో ఇరికించకండి. వేలితో నొక్కితే ఫోన్ కలిసే లింకుగా పెట్టండి. బొమ్మలో అంకెలు చదివి, గుర్తుపెట్టుకుని, మళ్లీ డయల్ చేసే ఓపిక ఆ వేళ మనిషికి ఉండదు. పేజీ మొత్తం బరువు వంద కేబీ దాటకపోతే వరదల్లో లంక గ్రామాల్లో ఒక్క గీత సిగ్నల్ మీద కూడా తెరుచుకుంటుంది.

ఇక లాగిన్ అవసరమయ్యేది రెండు రకాలవాళ్లకే. నిన్న మాట్లాడిన మనిషితోనే ఇవాళా మాట్లాడాలనుకునేవాళ్లకు, సమాధానాలు రాసే వాలంటీర్లకు. మొదటివాళ్లను అసలు పేరు అడగాల్సిన పనే లేదు. ఏదో ఒక పిలుపు పేరు చాలు. ఇంటిపేరు, ఊరు, పుట్టిన తేదీ తీసుకోకండి. మన దగ్గర లేని వివరం ఎన్నటికీ బయటికి పొక్కదు.

చాలామంది మొబైల్ ఓటీపీతో మొదలుపెడతారు, అందరికీ అలవాటే కదా అని. డెల్టాలో అది మూడు చోట్ల దెబ్బతింటుంది. ఇంట్లో ఫోన్ ఒకటే ఉంటే అది భర్తదో కొడుకుదో అయి ఉంటుంది. తాళం తీయకుండానే తెర మీద మెసేజ్ కనబడుతుంది, ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. రెండోది గల్ఫ్. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లలో పనిచేస్తున్న మన ఆడవాళ్ల దగ్గర ఇక్కడి సిమ్ ఉన్నా రోమింగ్ రీచార్జి ఉండదు, ఓటీపీ రాకపోవచ్చు. తొంభై రోజులు వాడకం లేకపోతే సిమ్ ఆగిపోవచ్చు, ఆ తర్వాత కొన్నాళ్లకు అదే నంబరు వేరొకరికి వెళ్లొచ్చు. ఫోన్ నంబరే ఖాతా అయితే, ఆ కొత్త మనిషి తన ఫోన్‌తో పాత మనిషి రాసుకున్నవన్నీ చదివేయగలడు. మూడోది సైట్ కట్టేవాళ్ల తలనొప్పి. మన దేశంలో వ్యాపార ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల ప్రకారం డీఎల్‌టీ అనే రిజిస్ట్రీలో సంస్థనూ, పంపినవారి పేరుగా కనబడే హెడర్‌నూ, మెసేజ్ నమూనానూ ముందే రిజిస్టర్ చేసుకోవాలి. నమూనాలో ఉన్నదానికీ పంపినదానికీ మాట తేడా వచ్చినా మెసేజ్ మధ్యలోనే ఆగిపోతుంది. నలుగురు కుర్రాళ్లకు ఇంత తతంగం ఎందుకు?

ఈమెయిల్‌కు ఆరంకెల కోడ్ పంపడం మేలు. నొక్కితే లోపలికి తీసుకెళ్లే లింకు కంటే కూడా కోడే మేలు. కొన్ని మెయిల్ సర్వీసులు వైరస్ ఉందేమోనని లింకును ముందే ఒకసారి తెరిచి చూస్తాయి. ఒక్కసారికే చెల్లే లింకు అక్కడే ఖర్చయిపోతుంది, మనిషి నొక్కేసరికి "గడువు తీరింది" అని వస్తుంది. తెరుచుకున్నా మెయిల్ యాప్ లోపలి బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఆ తర్వాత క్రోమ్‌లోకి వెళితే మళ్లీ లాగిన్ అడుగుతుంది, ఎందుకంటే లాగిన్ అయ్యారని బ్రౌజర్‌లో ఉంచే గుర్తు, అంటే కుకీ, అక్కడ లేదు. లింకే కావాలనుకుంటే అది నేరుగా లోపలికి తీసుకెళ్లకుండా "లోపలికి వెళ్లండి" అనే బటన్ ఉన్న పేజీ చూపాలి, బటన్ నొక్కాకే లింకు చెల్లినట్టు లెక్కవేయాలి. కోడ్‌కు పది నిమిషాల గడువు, అయిదు తప్పులు దాటితే కొత్త కోడ్. డేటాబేస్‌లో కోడ్‌ను ఉన్నదున్నట్టు దాచకుండా హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పి చదవలేని రూపంలోకి మార్చి దాచాలి. మెయిల్ శీర్షికలో "డిప్రెషన్", "కౌన్సెలింగ్" లాంటి మాటలు రానివ్వకండి. "మీ కోడ్" అంటే చాలు. పంపినవారి పేరు కూడా మామూలుగా ఉండాలి. పలు సైట్లు ఒకే సర్వర్‌ను పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో, సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలోని మెయిల్ ఫంక్షన్‌తో పంపితే అది స్పామ్‌లో పడడమే ఎక్కువ. మెయిల్ నిజంగా మీదేనని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు డొమైన్‌కు పెట్టి, మెయిల్ సర్వర్ (ఎస్ఎంటీపీ) ద్వారా పంపాలి. 2024 ఫిబ్రవరి నుంచి ఈ విషయంలో జీమెయిల్ పట్టు బిగించింది.

పాస్‌వర్డ్ తప్పదనుకునేవాళ్లకు ఒక మాట. తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకోనివ్వండి, గుర్తుంటుంది. కాని లోపల జరిగేది తెలిసి చేయండి. అక్షరాలను కంప్యూటర్ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ, గుణింతం గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. పీహెచ్‌పీలో పాస్‌వర్డ్‌ను హ్యాష్ చేయడానికి మామూలుగా వాడే బీక్రిప్ట్ 72 బైట్ల దగ్గర ఆగిపోతుంది, మిగతాది చూడదు, చూడలేదని చెప్పదు కూడా. "మా ఊరి కాలువ గట్టు మీద కొబ్బరి చెట్టు" అని ఎవరైనా పెట్టుకున్నారనుకోండి. లెక్క వేస్తే "కొబ్" దగ్గరికి 71 బైట్లు అయిపోతాయి. తర్వాతి అక్షరంలో మొదటి బైటు ఒక్కటే లోపలికి వెళుతుంది. తెలుగు అక్షరాలన్నిటికీ ఆ మొదటి బైటు ఒకటే. అంటే చివర "కొబ్బరి చెట్టు" అన్నా, "కొబ్బరి బోండాం" అన్నా తలుపు తెరుచుకుంటుంది. ఆర్గాన్2ఐడీ అనే మరో హ్యాష్ పద్ధతి వాడితే ఈ బాధ లేదు. 19 ఎంఐబీ మెమరీ, రెండు చుట్లు, ఒక థ్రెడ్ అన్నది వెబ్ భద్రత సంస్థ ఓవాస్ప్ చెప్పే కనీసం, చిన్న సర్వర్ కూడా తట్టుకుంటుంది. హోస్టింగ్‌లో అది లేకపోతే 72 బైట్లు దాటిన పాస్‌వర్డ్ తీసుకోలేమని పెట్టుకునేటప్పుడే చెప్పేయాలి. లెక్క అక్షరాల్లో కాదు, బైట్లలో.

ఇంకోటి ఉంది. "కైకలూరు" లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయొచ్చు, రెండు ముక్కలుగానూ రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, హ్యాష్‌కు వేర్వేరు. ఇంట్లో ఫోన్‌లో పనిచేసిన పాస్‌వర్డ్ నెట్ సెంటర్ కంప్యూటర్‌లో పనిచేయకపోవడానికి ఇదొక కారణం. హ్యాష్ చేసే ముందు, ఇలాంటి ముక్కలను ఒకే గుర్తుగా కలిపే యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ పద్ధతికి మార్చుకుంటే సరిపోతుంది. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను చొప్పిస్తాయి. ఎన్ఎఫ్‌సీ దాన్ని తీయదు, మనమే తీసేయాలి. ఖాతా తెరిచేటప్పుడూ, లాగిన్ అయ్యేటప్పుడూ రెండు చోట్లా ఒకే పద్ధతి పాటించాలి. ఒకచోట చేసి రెండోచోట మరిచిపోతే ఎవరూ లోపలికి రాలేరు.

అన్నిటికంటే క్రూరమైన తప్పు మాత్రం సెషన్ గడువు, అంటే లాగిన్ ఎంతసేపు నిలుస్తుందన్న లెక్క. పీహెచ్‌పీలో అది మొదటే 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. మనసులో బరువంతా రాయడం మొదలుపెట్టిన మనిషి మధ్యలో ఆగుతాడు, చెరిపేస్తాడు, మళ్లీ రాస్తాడు, గంట పడుతుంది. చివర "పంపు" నొక్కితే "పేజీ గడువు తీరింది", రాసింది మొత్తం గల్లంతు. రెండోసారి రాసేవాళ్లు తక్కువ. షేర్డ్ హోస్టింగ్‌లో అయితే మీరు గడువు పెంచినా లాభం ఉండకపోవచ్చు. సెషన్ ఫైళ్లు అందరికీ ఉమ్మడి ఫోల్డర్‌లో ఉంటే, తక్కువ గడువు పెట్టుకున్న పక్క సైట్ వచ్చి మీవి కూడా ఊడ్చేస్తుంది. సెషన్లకు సొంత ఫోల్డర్ చూపించండి, ఆ పేజీకి గడువు రెండు గంటలు చేయండి. అప్పటికీ గడువు తీరితే, వచ్చిన రాతను పారేయకుండా అదే పెట్టెలో మళ్లీ చూపించి, "ఇంకోసారి లాగిన్ అయితే పంపేస్తాం, మీరు రాసింది ఇక్కడే ఉంది" అని చెప్పాలి. రాసింది బ్రౌజర్‌లోనే దాచుకోవచ్చుగా అంటారు కొందరు. ఉమ్మడి ఫోన్‌లో అది తర్వాత తెరిచినవాళ్లకు దొరుకుతుంది, వద్దు.

ఆ ఉమ్మడి ఫోన్ కోసమే ఇంకొన్ని. "నన్ను గుర్తుంచుకో" అనే గడిని ముందే టిక్ పెట్టి ఉంచకండి. లాగౌట్ అయ్యాక వెనక్కి బాణం నొక్కితే పాత పేజీ కనబడకుండా ఉండాలంటే ఆ పేజీలకు క్యాష్ కంట్రోల్ హెడర్‌లో నో స్టోర్ అని రాయాలి. కుకీకి సెక్యూర్, హెచ్‌టీటీపీ ఓన్లీ, సేమ్‌సైట్ గుర్తులు మూడూ ఉండాలి, లాగిన్ కాగానే సెషన్ ఐడీ మారాలి. చటుక్కున బయటికి వెళ్లే బటన్ పెడితే మంచిదే, కాని అది హిస్టరీని చెరపలేదు, ఆ సంగతి బటన్ పక్కనే రాయండి. పాస్‌వర్డ్ బదులు ఫోన్ తాళంతోనే లాగిన్ చేయించే పాస్‌కీలు వాలంటీర్ల సొంత ఫోన్లకు బాగుంటాయి. ఇంటిల్లిపాదికీ ప్యాటర్న్ తెలిసిన ఫోన్‌లో పాస్‌కీ ఉన్నా లేనట్టే.

ఖాతా ఉందో లేదో సైట్ నోరు జారకూడదు. "ఈ మెయిల్‌తో ఖాతా లేదు" అని ఒకరికీ, "పాస్‌వర్డ్ తప్పు" అని ఇంకొకరికీ చెబితే, పక్కింటాయన కూర్చుని ఊళ్లో ఎవరెవరు ఈ సైట్‌కు వస్తున్నారో ఒక్కొక్క మెయిలూ కొట్టి కనిపెట్టగలడు. ఇద్దరికీ ఒకటే జవాబు: "ఖాతా ఉంటే కోడ్ పంపాం." గుర్తుగా అడిగే ప్రశ్నలు, అంటే అమ్మ పుట్టింటి పేరు, చదివిన బడి, ఇవి మన ఊళ్లలో రహస్యాలా? అవి తీసేయండి. అయిదు తప్పులకు ఖాతాను ఇరవై నాలుగు గంటలు మూసేయడం కూడా వద్దు. కోపంతో ఉన్న బంధువు కావాలనే తప్పులు కొట్టి మనిషిని బయట నిలబెట్టగలడు. తప్పుకు తప్పుకూ మధ్య ఆలస్యం పెంచుకుంటూ పోతే చాలు. ఐపీ అడ్రస్ చూసి అడ్డుకునేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. మొబైల్ కంపెనీలు వందలమందిని ఒకే ఐపీ వెనక పెడతాయి, ఒకణ్ణి ఆపబోయి ఊరందరినీ ఆపుతారు.

లాగిన్ దాటి లోపలికి వచ్చిన మనిషికి ఎదురయ్యేది వాలంటీరు రాసే మొదటి జవాబు. "ధైర్యంగా ఉండండి", "అందరికీ ఉన్నదే", "పిల్లల ముఖం చూసి ఓర్చుకోండి" అని రాయకండి. అవి చదివిన మనిషి ఇక నోరు విప్పడు. ఆయన రాసిన దాంట్లోంచే ఒక మాట అందుకోండి: "రొయ్యల చెరువుకు వైట్‌స్పాట్ తెగులు వచ్చిందన్నారు బాబాయ్ గారూ, అప్పటినుంచి రాత్రిళ్లు నిద్ర పడుతోందా? అన్నం సయిస్తోందా?" మన వైపు దిగులు అని చెప్పరు. తల బరువు, గుండె దడ, గ్యాసు, ఒంట్లో నలత అని చెబుతారు, ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుంటారు. నిద్ర, తిండి, పని మీద ధ్యాస, మనుషులతో మాట్లాడబుద్ధి కావడం, ఈ నాలుగూ రెండు వారాలకు పైగా చెడితే డాక్టరుకు చూపించమనాలి. ఎక్కడికి, ఏ రోజు, ఎవరిని వెంటబెట్టుకుని వెళతారో కూడా అడగాలి. "ఒకసారి డాక్టర్ని కలవండి" అని ఊరుకుంటే ఎవరూ వెళ్లరు.

అనుమానం వస్తే సూటిగా అడగాలి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అడగమనే చెబుతుంది. అవునంటే, ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన దాకా వెళ్లారా అని అడగండి. ఆ దాకా వెళ్లి ఉంటే ఇక అది చాట్‌లో తేలే పని కాదు. మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో నమ్మకమైన ఒకరిని పక్కన ఉండమనాలి, 14416కు ఫోన్ కలిపించాలి. పురుగుమందు డబ్బాలను వేరే ఇంటికి మార్చడమో, తాళం వేసి తాళంచెవి మరొకరికి ఇవ్వడమో చేయించాలి. సార్వా, దాళ్వా మందులు కొట్టే రోజుల్లో ఈ ఒక్క పనే ప్రాణాలు నిలబెడుతుంది, ఎందుకంటే చచ్చిపోవాలన్న ఉధృతి చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. "ఎవరికీ చెప్పనని ఒట్టేయండి" అంటే వేయకండి. "మీ ప్రాణానికి ప్రమాదం ఉంటే తప్ప ఎవరికీ చెప్పను" అన్నది మొదటిరోజే రాసి ఉంచండి. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లనివాళ్లకు ఈ సంగతి చెప్పండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరేగా రుజువైతే తప్ప విచారణా శిక్షా ఉండవు.

మందులు మొదలుపెట్టినవాళ్లు వారం తిరక్కుండానే "పని చేయట్లేదు" అని మానేస్తారు. డిప్రెషన్ మాత్రలు గుణం చూపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. వికారం, నిద్ర తేడా లాంటివి మాత్రం మొదటి రోజుల్లోనే వస్తాయి. అందుకే మొదటి నెల వారానికి ఒకసారైనా వాలంటీరే పలకరించాలి. పాతికేళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరుగుతున్నాయేమో మరీ గమనించాలి. మోతాదు గురించి వాలంటీరు ఒక్క ముక్క కూడా మాట్లాడకూడదు. డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపొద్దు అన్నదొక్కటే చెప్పాలి.

గల్ఫ్ నుంచి రాసేవాళ్లకు 14416 పనికిరాదు, అది మన దేశం లోపలి నంబరు. వాళ్లకు ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం నంబరు వేరుగా పెట్టండి. కువైట్‌లో రాత్రి పదకొండుకు పని తెమిలితే మనకు ఒంటిగంటన్నర. వాలంటీర్లు ఏ వేళల్లో ఉంటారో రెండు దేశాల టైముల్లోనూ రాయండి. లేని వేళల్లో ఉన్నట్టు కనబడకండి. జవాబు కోసం తెల్లవార్లూ చూస్తారు.

వాలంటీర్లందరికీ కలిపి ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్, అది వాట్సాప్ గ్రూపులో, ఇదీ మనవాళ్ల పద్ధతి. ఎవరి ఖాతా వాళ్లకుండాలి. పాస్‌వర్డ్‌తో పాటు ముప్పై సెకన్లకోసారి మారే, ఫోన్‌లోని అథెంటికేటర్ యాప్ చూపే కోడ్ ఉండాలి. ఆ క్యూఆర్ బొమ్మను స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడితే రెండో తాళం కూడా అందరి చేతికీ ఇచ్చినట్టే. కోడ్ తప్పని మాటిమాటికీ వస్తుంటే ఫోన్‌లో టైము ఆటోమేటిక్‌గా ఉందో లేదో చూడండి, సర్వర్ గడియారం కూడా. ఫోన్ పోతే పనికొచ్చే రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోవాలి. ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిపోయినవాళ్ల ఖాతా ఆ రోజే మూయాలి, తెరిచి ఉన్న సెషన్లతో సహా. వరసగా రెండు గంటలకు మించి ఒక్కరినే కూర్చోబెట్టకండి. బరువైన సంభాషణ తర్వాత ఇంకో వాలంటీరుతో పావుగంట మాట్లాడి కాని ఇంటికి పంపకండి. ఆరు నెలలు పలుకు లేని సంభాషణలు చెరిపేయండి, బ్యాకప్‌లలో కూడా. ఇంటర్ పిల్లలు హాస్టళ్ల నుంచి రాస్తారు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలన్న నిబంధన ఉంది. కాబట్టి వాళ్లకు ఖాతాలు తెరవకండి. 1098, 14416 చూపించి, చదవడానికి సమాచారం ఇవ్వండి.

మీ పత్రికతో ఒక పని ఉంది. ఆత్మహత్య వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఆమోదించింది. ఎలా చనిపోయారన్న వివరం, ఫొటో, చీటీలో రాసిన మాటలు వేయకుండా, అలాంటి ప్రతి వార్త కిందా 14416 అచ్చు వేయండి. జిల్లా పేజీలో మరీ అవసరం. వార్త ఏ సైజు అక్షరాల్లో ఉందో నంబరూ అదే సైజులో ఉండాలి, కళ్లజోడు లేనివాళ్లకు కూడా కనబడేలా.

ఇట్లు,
మీ పాఠకుడు,
అమలాపురం